నాపబండ మీద తొలి గీత

లలితకళలు కలవారి లోగిళ్లలో పుట్టి పట్టణపు సభాభవనాలలో పెరుగుతవనీ, పల్లె పిల్లలకు అవి బడి పుస్తకం ద్వారా, అదికూడ తీరిక దొరికినప్పుడు, కొద్దికొద్దిగా అందవలసినవనీ మనలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉన్నది. చరిత్ర విషయంలోనూ అంతే. చరిత్ర అంటే ఢిల్లీలోనో, హంపీలోనో, ఓరుగల్లులోనో జరిగినదేగాని మన వాకిట జరిగినది కాదని తల్లిదండ్రులు అనుకుంటారు. ఉపాధ్యాయులలో కూడ అట్లా అనుకొనేవారు లేకపోలేదు. ఈ అభిప్రాయం వల్ల కలుగుతున్న నష్టం చిన్నది కాదు. అందమైనదీ, తలచుకోదగినదీ అంతా మరెక్కడో ఉన్నదని నమ్మి పెరిగిన బిడ్డ ఊరు విడిచేనాటికి తన ఊరిని చూచి, తన ఇంటిని చూచి సిగ్గుపడటం నేర్చుకుంటాడు. నా మనవి ఏమనగా, బొమ్మ, పాట, చరిత్ర అనే ఈ మూడింటికీ పసిబిడ్డకు ఇల్లే మొదటి చోటు. వాటిని పరిచయం చేయటానికి ముఖ్యంగా కావలసినది ధనం కాదు. పెద్దల చూపు, పెద్దల మాట.

మాటను గాలిలో ఉంచకుండ ఒక ప్రాంతాన్ని ఎదుట పెట్టుకొని చూతము. వికారాబాదు జిల్లాలో పరిగికీ తాండూరుకూ చేరువగా దోమ మండలం ఉన్నది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు రంగారెడ్డి జిల్లా నుంచి ఇది వికారాబాదు జిల్లాలోకి వచ్చినది. కంది, జొన్న, పత్తి పండించుకొని బ్రతికే పల్లెలు. కూలికీ కొలువుకూ హైదరాబాదు దారి పట్టేవారు ఇంటింటా కనిపిస్తారు. ఇట్టి పల్లెలలో చిత్రశాలను గాని, సంగీత పాఠశాలను గాని వెదుకబోవటం వృథా శ్రమ. కాని ఆ ఇండ్లలో కాలికింద పరచిన బండను ఒక్కసారి పరికించండి.

తాండూరు నాపరాయి దేశంలో చాలాచోట్ల ఎరిగిన రాయి. నీలి రంగుదీ, పసుపు రంగుదీ అని రెండు విధాలుగా అది గనుల నుండి వస్తుంది. జాతికి అది సున్నపురాయి. కోట్ల సంవత్సరాల క్రిందట ఈ నేలను కప్పియున్న సముద్రం అడుగున సన్నని మడ్డి పొరమీద పొరగా పేరుకొని, గట్టిపడి, ఈ రాయి అయినది. అందుచేతనే గనిలో పనివాడు ఉలి పెట్టి కొట్టినప్పుడు పుస్తకపు పుటలు విడినట్లు అది పలకలు పలకలుగా విడుతుంది. ఆ బండల మీదనే మన పిల్లలు పాకుతారు, పడతారు, అన్నం తింటారు. “నీవు కూర్చున్నచోట ఒకప్పుడు సముద్రం ఉండేదిరా” అని తండ్రి ఒక్కమాట అంటే ఆ బిడ్డ కండ్లలో కనిపించే ఆశ్చర్యానికి సాటి రాగల పాఠం ఏ వాచకంలోనూ లేదు. ఆ తండ్రి గనిలో పనిచేసేవాడే అయితే మరీ మంచిది. రాయిలో పొర ఎక్కడ ఉన్నదో చూపుతోనే పట్టి, ఎక్కడ దెబ్బ వేయాలో ఎరిగిన చేయి ఆయనది. ఆ నేర్పును బిడ్డకు చూపి చెప్పటం విద్య కాదని ఎవరనగలరు?

అదే బండ పిల్లవానికి పెద్ద పలక. ఒక సుద్దముక్క, తుడవటానికి ఒక తడిగుడ్డ ఉంటే చాలును. బిడ్డ గీసే తొలి గీతలకు అర్థం వెదకి పెద్దలు తొందరపడతారు. రెండేండ్ల పిల్లవాడు గీసేవి ఉత్త గిలుకుడు గీతలు. అవి చేతి ఆనందం. తరువాత సున్న చుట్టటం వస్తుంది. ఆ తరువాత ఆ సున్నకే కండ్లు మొలుస్తవి, తలకాయ నుంచే కాళ్లు వ్రేలాడుతవి. ఇది తప్పు కాదు. ఎదుగుతున్న బుద్ధి ప్రపంచాన్ని అట్లాగే పట్టుకుంటుంది. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో బోధించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే కళాబోధకుడు 1947లో వెలువరించిన తన గ్రంథంలో ఈ దశలను వివరించి, ముందే గీసి ఉంచిన బొమ్మలలో రంగులు నింపించే పుస్తకాలు పిల్లలకు మేలు చేయవని గట్టిగా వాదించినాడు. ఇతరుడు గీసిన గీత దాటకుండ రంగు పూయటం అలవాటైన బిడ్డకు తన గీత మీద నమ్మకం పోతుంది. “నాకు రాదు, నీవే గీసి ఇయ్యి” అని అడిగే పిల్లలు ఎందరో మనకు తెలుసును. ఆ మాట వారికి పుట్టుకతో వచ్చినది కాదు; మన దిద్దుబాట్ల వల్ల వచ్చినది. ఏనుగు పచ్చగా ఉంటే ఉండనివ్వండి. “ఇదేమిటి?” అని నిలదీయకుండ “దీని సంగతి చెప్పు” అని అడిగి చూడండి. బొమ్మ వెనుక ఉన్న కథ అంతా బయటికి వస్తుంది.

రంగులు కొనవలసిన పనికూడ అంతగా లేదు. పొయ్యిలోని బొగ్గు, గోడకు వేసే సున్నం, అరుగుకు పూసే జాజు, గడపకు రాసే పసుపు, ఇవన్నీ రంగులే. పసుపులో తడిసున్నం కలిపితే ఎర్రనవుతుంది. శుభకార్యాలలో దిష్టి తీసే ఎర్రనీళ్లు చేసేది అట్లాగే. సున్నం కంట పడకుండ తల్లి తన చేత్తో కలిపి చూపితే బిడ్డకు అది ఇంద్రజాలం. పెరిగిన తరువాత అదే రసాయనశాస్త్రం. వాకిట ముగ్గు పెట్టేటప్పుడు చుక్కలు లెక్కించటం, వరుస తప్పకుండ కలపటం చూచిన బిడ్డకు సౌష్ఠవం అంటే ఏమిటో ఎవరూ నిర్వచించి చెప్పనక్కరలేదు. భాద్రపదంలో ఆడపిల్లలు మట్టితో చేసే బొడ్డెమ్మ, దాని వెనుక వచ్చే బతుకమ్మ, తండాలలో శ్రావణమాసపు తీజ్ పండుగకు బుట్టలలో పెంచే గోధుమ మొలకలు, లంబాడీ స్త్రీలు గుడ్డ మీద అద్దాలు పొదిగి కుట్టే కుట్టు, ఇవన్నీ చేతులకు వచ్చిన చిత్రకళలే. బతుకమ్మను పేర్చేటప్పుడు తంగేడు పసుపు పక్కన గునుగు తెలుపు ఎందుకు నిండుగా కనిపిస్తుందో, కింది వరుస వెడల్పుగా లేకపోతే పైది ఎందుకు ఒరుగుతుందో బిడ్డ చేతనే చేయించి తెలుసుకోనివ్వాలి. మనము సాధారణంగా చేసేది ఏమిటి? పువ్వులు నలుగుతవని పిల్లలను దూరంగా కూర్చుండబెడతాము. ఒక వరుస వంకరపోతే పండుగకు వచ్చే లోటు ఏమీ లేదు.

మన పల్లె జీవితం కళకు తగిన వస్తువేనా అని సందేహించేవారికి సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య జీవితం సమాధానం. 1925లో పుట్టి 2012లో కన్నుమూసిన ఈ చిత్రకారుడు బోనాలు, బతుకమ్మలు, గొల్లలు, కూలిజనం వంటి తెలంగాణ పల్లె దృశ్యాలనే తన వస్తువుగా చేసుకొని పేరు పొందినాడు. అంతకంటె పాత ఉదాహరణ చేర్యాల నకాషీ పటం. పొడవైన గుడ్డ మీద వరుసగా బొమ్మలు వేసి కులపురాణాలను చిత్రిస్తారు. కథ చెప్పేవారు ఆ పటాన్ని విప్పుతూ, పాడుతూ, రాత్రి పొడుగునా జనానికి చెప్పేవారు. ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉన్నది. ఆ పటం ముందర కూర్చున్న పిల్లవానికి బొమ్మ వేరు, పాట వేరు, పూర్వుల కథ వేరు కాదు. మూడూ ఒక్క దీపం వెలుగులో ఒక్కసారే అందేవి. వాటిని మూడు వేరువేరు తరగతులుగా విడదీసినది మనము.

పాట విషయానికి వద్దాము. బిడ్డ వినే తొలి సంగీతం జోలపాట. దానికి శ్రుతి తప్పినా ముప్పు లేదు. తల్లి గొంతు కావటమే దాని అర్హత. విసుర్రాయి దగ్గర, నాట్ల దగ్గర, కలుపుల దగ్గర, బతుకమ్మ చుట్టూ పాడే పాటలలో లయ శ్రమకు తోడై నడుస్తుంది. ఈ పాటల విలువను విశ్వవిద్యాలయం గుర్తించటానికి కొంత కాలం పట్టినది. ఆచార్య బిరుదురాజు రామరాజు జానపద గేయాలను సేకరించి, పరిశోధించి, ఉస్మానియా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందిన తరువాతనే వాటికి విద్వత్సభలో గౌరవపీఠం దక్కినది. ఆయనకు ఆ పాటలను ఇచ్చినవారు చాలామంది అక్షరం రాని వృద్ధులు. అట్టి వృద్ధులు దోమ ప్రాంతపు పల్లెలలో నేటికీ ఉన్నారు. వారిలో ఒక్కరు పోయినా ఒక గ్రంథం పోయినట్లే. దానికి రెండవ ప్రతి లేదు.

ఈనాడు ఇంట పాట లేదని కాదు, ఎక్కువైనది. 2020లో బడులు మూతపడినప్పుడు పాఠం వినటానికని చాలా ఇండ్లలో పిల్లల చేతికి వచ్చిన ఫోను తరువాత వారి చేతిని విడువలేదు. అందులో పాట ఎడతెగకుండ వస్తూనే ఉంటుంది. వినేవాడు నోరు విప్పవలసిన అవసరం ఉండదు. వినటం వేరు, పాడటం వేరు. పోటీల వేదికలెక్కి ఏడేండ్ల పిల్ల ప్రణయగీతాన్ని అభినయంతో పాడితే చప్పట్లు కొట్టే అలవాటు కూడ మనకు అబ్బినది. ఆ పిల్ల గొంతుకు గాని, వయస్సుకు గాని అది తగినదా అని అడిగేవారు తక్కువ. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లలచేతనే ఆడించి, పాడించి, 1945లో వారికోసం ‘బాల’ పత్రికను ప్రారంభించి చూపిన దారి వేరు. అక్కడ పిల్లవాడు పిల్లవానిగానే పాడేవాడు. ఫోనును పారవేయమని నేననను. ఒక సాయంకాలం నాయనమ్మ ముందు దానిని పెట్టి ఆమెకు వచ్చిన పాటలను భద్రపరచమంటాను. ఆ పాటను మరునాడు బిడ్డ తన గొంతుతో పాడేటట్లు చూడమంటాను.

ఇంకొక మాట. ఈ ప్రాంతంలో బిడ్డ చెవిన పడే పాట ఒక్క భాషది కాదు. తెలుగు పాట, తాండూరు వైపు కన్నడం, ఉర్దూ, తండాలలో లంబాడీ, పీర్ల పండుగనాటి డప్పు, గుడిలో భజన, అన్నీ ఒక్క ఊరి గాలిలో కలిసి ఉన్నవి. పొరుగింటి పాట మనది కాదని బిడ్డకు చెప్పేది మనమే. చెవికి ఆ భేదం తెలియదు.

ఇక చరిత్ర. పసిబిడ్డకు వంద ఏండ్లు, వెయ్యేండ్లు అనే మాటలు శబ్దాలే గాని అర్థాలు కావు. నిన్న, మొన్న అనేవి తెలిసిన తరువాత “నేను నీయంత ఉన్నప్పుడు” అని తల్లి చెప్పే మాట బిడ్డకు చరిత్రలో మొదటి మెట్టు. “నాకు పెండ్లి కాకమునుపు” అని నాయనమ్మ చెప్పేది రెండవ మెట్టు. న్యాయవాద వృత్తి విడిచి పిల్లల చదువుకు జీవితాన్ని అంకితం చేసి, గుజరాతు ప్రజలచేత ‘మీసాల అమ్మ’ అనిపించుకొన్న గిజూభాయి బధేకా తన ‘దివాస్వప్న’ గ్రంథంలోని ఉపాధ్యాయుని చేత తరగతిలో మొట్టమొదట కథలే చెప్పించినాడు. కథ వినటం నేర్చిన చెవికి చరిత్ర బరువు కాదు.

దోమ పిల్లలకు చెప్పదగిన కథ ఎంత దగ్గరలో ఉన్నదో చూడండి. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ తూర్పుగా హైదరాబాదు మీదుగా ప్రవహిస్తుంది. 1908 సెప్టెంబరులో ఆ నది వరదయై నగరంలో వేలమందిని బలిగొన్నది. ఆ భయం నుండే గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు పుట్టినవి. ఈ ప్రాంతపు నీటినే తీసుకొని పడమరగా తాండూరు పక్కన పారే కాగ్నా నది, ఒకప్పుడు రాష్ట్రకూటుల రాజధాని అయిన మాన్యఖేటం, నేటి మల్ఖేడు, ఒడ్డు నొరసుకొని పోయి భీమలో కలుస్తుంది. తొమ్మిదవ శతాబ్దంలో అమోఘవర్షుడు ఏలిన కాలంలో మహావీరాచార్యుడు ‘గణితసార సంగ్రహం’ వ్రాసినాడు. పదకొండవ శతాబ్దంలో పావులూరి మల్లన దానిని తెలుగు పద్యాలలోకి తెచ్చినాడు. మూసీ, భీమ రెండూ చివరకు కృష్ణను చేరుతవి. ఒకే మబ్బు కురిసిన నీరు రెండు రాజధానుల కథలు విని మరల ఒక్క నదిలో కలుసుకుంటున్నదన్న మాట. వాన పడుతున్నప్పుడు చూరు కింద కూర్చొని చెప్పటానికి ఇంతకంటె మంచి కథ ఏమున్నది?

ఇంకా దగ్గరికి రావచ్చును. వికారాబాదు, తాండూరుల మీదుగా వాడీకి పోయే రైలుమార్గం 1874 నాటిది. తాండూరు, కొడంగలు తాలూకాలు 1956 దాకా గుల్బర్గా జిల్లాలోనివి. పేటికలో అడుగున పడియున్న హాలీ సిక్కా, తాత ఉర్దూలో వ్రాయించుకొన్న పాత పత్రం, నాయనమ్మ కందులు కొలిచిన సోల, ఇవి ఒక్కొక్కటీ ఒక్కొక్క ప్రకరణం. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలు ఆడినారు అని అడిగిన గ్రంథం. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన తొలి పురస్కారం ఆ గ్రంథానిదే. ఆయన పెద్ద గ్రంథంలో చేసిన పనిని ప్రతి ఇల్లూ చిన్న ఎత్తున చేయవచ్చును.

అయితే ఇంటి చరిత్రలో ఒక ప్రమాదం పొంచి ఉన్నది. దానిని దాచటం న్యాయం కాదు. ఇంట చెప్పే గతం తరచుగా గొప్పలు చెప్పుకొనటంగానో, పగ నూరిపోయటంగానో మారుతుంది. 1948 సంగతి తీసుకోండి. ఆ ఏడు సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో చేరినది. ఆనాటి కథ ఒకే వాడలో దొర ఇంట ఒక విధంగా, కూలివాని ఇంట ఒక విధంగా, ముస్లిము ఇంట మరొక విధంగా చెప్పుకుంటారు. ఒక్కొక్క ఇంటి కన్నీరు ఆ ఇంటికి నిజమే. కాని ఒక్క ఇంటి మాటనే విని పెరిగిన బిడ్డకు అది చరిత్ర కాదు, కక్ష. కనుక కథతోపాటు ఒక ప్రశ్నను కూడ బిడ్డకు ఇవ్వాలి: “తాతా, ఇది నీకెట్లా తెలిసింది?” కండ్లారా చూచినదా, ఒకరు చెప్పగా విన్నదా, కాగితం మీద ఉన్నదా? ఈ ప్రశ్న అడిగితే పెద్దలను అగౌరవపరచినట్లు కాదు. పొరుగింటి తాతను కూడ అదే అడిగి రమ్మని పంపగల ఇల్లు బిడ్డకు చరిత్రనే కాదు, న్యాయబుద్ధిని కూడ నేర్పుతుంది.

ఒక ఆక్షేపణ తప్పక వస్తుంది. తెల్లవారకముందే పత్తి ఏరటానికి పోయే తల్లికి, చీకటి పడిన తరువాత ఇల్లు చేరే తండ్రికి ఈ ముచ్చట్లకు తీరిక ఏది? ఈ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదు. కాని నేను చెప్పేది వేరే గడియ కేటాయించి చేసే పని కాదు. కందికాయ ఒలుస్తూ కథ చెప్పవచ్చును. నడుస్తూ పాట పాడవచ్చును. పొయ్యి దగ్గర బొగ్గుముక్క చేతికి ఇవ్వవచ్చును. ఆ పాటికూడ వీలులేని ఇండ్లు ఉన్నవి. అక్కడ పెద్దపిల్లలే దిక్కు. గురుకులాలలో, కళాశాలలలో చదువుతూ సెలవులకు ఇల్లు చేరే విద్యార్థులారా! మీ చెల్లెలికి, తమ్మునికి మీరే తొలి ఉపాధ్యాయులు. ఫోను ఇచ్చి వారి నోరు మూయించటం సులభమే. కాని నాయనమ్మకూ వారికీ నడుమ కూర్చొని ఆమె మాటను వారికి అందించగలవారు ఆ ఇంట మీరొక్కరే.

రెండవ ఆక్షేపణ: దీనివల్ల మార్కులు వస్తవా? వస్తవని ఆశపెట్టి ఈ మాటను అమ్ముకొనటం నాకు ఇష్టం లేదు. పాట పాడిన పిల్లవాడు లెక్కలలో ముందుంటాడనే వాదం పాటకూ గౌరవం కాదు, లెక్కలకూ గౌరవం కాదు. బిడ్డ పాడేది పాటకోసం. తన ఇంటి బండకూ, తన తల్లి ముగ్గుకూ, తన తాత మాటకూ విలువ ఉన్నదని తెలిసిన బిడ్డ రేపు ఏ నగరానికి పోయినా తల దించుకొని నిలబడడు. ఇంతకంటె ఎక్కువ ఫలం నేను చెప్పలేను, తక్కువదని అనుకోను.

ఉపాధ్యాయ మిత్రులకు చివరి విన్నపం. ఈ పనిని దయచేసి ఇంటిపాఠంగా మార్చకండి. ‘మీ నాయనమ్మ పాట పది వరుసలు వ్రాసి తెండి’ అని ఆజ్ఞాపించి, ఎర్రసిరాతో తప్పులు దిద్ది, పదికి ఆరు మార్కులు వేసిననాడు ఆ పాట చచ్చిపోతుంది. దానికి బదులు నెలకొకసారి ఒక వృద్ధురాలిని తరగతికి పిలిచి మీ కుర్చీలో కూర్చుండబెట్టండి. మీరు పిల్లల వరుసలో కూర్చొని వినండి. బడి గోడలో ఒక భాగానికి సున్నం కొట్టించి పిల్లల గీతలకు విడిచిపెట్టండి. తనిఖీకి వచ్చిన అధికారి అడిగితే అది మా చిత్రశాల అని చెప్పండి. తమ అవ్వ బడిలో పంతులమ్మ కుర్చీలో కూర్చున్నదని చూచిన పిల్లలు ఆ సాయంత్రం ఇంటికి పోయి ఆమెను ఏమడుగుతారో, ఎంతసేపు అడుగుతారో ఒకసారి పరీక్షించి చూడండి.